ప్రకృతి జమాఖర్చులు

పంచాయతీ సభ్యులకు జమాఖర్చుల పుస్తకము క్రొత్త కాదు. ఇంటిపన్ను క్రింద వచ్చిన సొమ్మెంత, వీధిదీపములకు, మంచినీటి మోటారునకు ఖర్చయిన సొమ్మెంత, నిలువ ఎంత అని ఆడిటరు అడుగును. వచ్చిన దానినుండి పోయినది తీసివేయగా మిగిలినది లెక్కలో కనబడవలెను. ఒక్క రూపాయి తగ్గినను "మాయమైనది" అని వ్రాయుటకు ఆ పుస్తకములో గడి లేదు. ప్రకృతి కూడ ఇట్టి పుస్తకములను నడపుచున్నది. వానిలో రెండు ముఖ్యమైనవి. ఒకటి శక్తి ఖాతా, రెండవది ద్రవ్యవేగపు ఖాతా.

ఇది కళాశాల విద్యార్థులకు కావలసిన పాఠమే గాని గ్రామ పెద్దలకెందులకని కొందరు శంకింపవచ్చును. పెట్రోలు, కరెంటు, ఎండ ఏదియు అక్కరలేకుండ తనంతట తానే తిరుగుచు ఊరంతటికి వెలుగునిచ్చు యంత్రమున్నదని చెప్పువారు, చిన్న మోటారుతో పెద్ద మోటారు పని చేయింతుమని చెప్పువారు నేటికిని కలరు. వారి మాట నమ్మి తీర్మానము చేసిన పోవునది ఊరి సొమ్ము. ఆ మాటలోని నిజమును కాగితము, పెన్సిలు చేతబట్టుకొని పావుగంటలో తేల్చుకొనవచ్చును. అందులకు ముందు ఈ రెండు ఖాతాల స్వభావము తెలియవలెను.

శక్తి ఖాతా

పని చేయగల సామర్థ్యమునకే శక్తి అని పేరు. ఒక లీటరు నీటిని ఒక మీటరు ఎత్తు లేపుటకు 9.8 జౌళ్ల శక్తి పట్టును. ఆ నీరు మిద్దెపైని ట్యాంకులో ఉన్నంతకాలము ఆ శక్తి నిలువ ధనము. దీనిని స్థితిజశక్తి అందురు. నీరు క్రిందికి దూకునపుడు అదే గతిజశక్తి యగును. విద్యుత్తుకు కొలతగా మన మీటరు చూపు ఒక యూనిట్ 36 లక్షల జౌళ్లు. ఒక ఘనపు మీటరు నీరు, అనగా వేయి లీటర్లు, 100 మీటర్లు దిగినచో వచ్చు శక్తి 9,80,000 జౌళ్లు. కావున నష్టమేమియు లేదనుకొన్నను, 100 మీటర్ల ఎత్తుగల ఆనకట్టవద్ద ఒక యూనిట్ కొరకు సుమారు నాలుగు ఘనపు మీటర్ల నీరు దిగవలెను. ఎంతటి మేధావియైన ఇంజనీరు వచ్చినను మూడు ఘనపు మీటర్లతో ఆ యూనిట్‌ను ఇప్పింపజాలడు.

ఈ ఖాతా సరిపోవునని లోకమునకు నమ్మకము కలుగుటకు చాలకాలము పట్టినది. కారణము, శక్తి వేడిగా మారినపుడు కంటికి కనబడదు. బండి ఇరుసు రాపిడికి వేడెక్కును. బ్రేకు వేసిన చక్రము వేడెక్కును. పూర్వులు దానిని చూచి చలనము నశించినదనుకొనిరి. ఇంగ్లండులో మాంచెస్టరు ప్రాంతమునకు చెందిన జేమ్స్ జౌల్ అనునతడు, బీరు తయారు చేయు పరిశ్రమగల కుటుంబములోని వాడు, 1840 తరువాతి పది సంవత్సరములు ఈ వేడిని కొలచుటలోనే గడపెను. తాడునకు కట్టిన బరువులు దిగుచుండగా నీటిలోని తెడ్లు తిరుగునట్లు అమర్చి, ఆ నీరు ఎంత వెచ్చబడెనో చూచెను. ఆయన చూపిన మార్గమున తేలిన లెక్క ఇది: నీరు 427 మీటర్లు దిగుటవలన వచ్చు శక్తి, ఆ నీటినే ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ మాత్రము వేడి చేయును.

ఈ అంకెను మరియొకసారి చదువుట మంచిది. టీ కొరకు 30 డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు కాచినపుడు ఆ నీటిలో చేరు శక్తితో దానినే సుమారు 30 కిలోమీటర్లు పైకెత్తవచ్చును. ఎవరెస్టు శిఖరపు ఎత్తు తొమ్మిది కిలోమీటర్లైనను లేదు. కొద్దిపాటి వెచ్చదనములో ఎంత శక్తి దాగునో దీనివలన తెలియును. పోయిన శక్తిని వెదకువారు ముందుగా చేయి పెట్టి చూడవలసినది వేడి కొరకే.

ద్రవ్యవేగపు ఖాతా

ద్రవ్యరాశిని వేగముతో హెచ్చించిన వచ్చునది ద్రవ్యవేగము. దీనికి శక్తికి లేని గుణమొకటి కలదు. అది దిక్కు. ఉత్తరమునకు పోవు బండి ద్రవ్యవేగమును జమ అనుకొన్న, దక్షిణమునకు పోవు బండిది ఖర్చు. రేవులో పడవనుండి గట్టు మీదికి ఉరికిన, మనము ముందుకు, పడవ వెనుకకు పోవును. రెండును కలిపిన మొత్తము మారలేదు. శ్రీహరికోటనుండి ఎగురు రాకెట్టు చేయుచున్నదియు ఇదియే. మండిన వాయువును క్రిందికి చిమ్మి తాను పైకి పోవును. గోడకు కొట్టిన బంతి వెనుకకు వచ్చినపుడు లెక్క తప్పినదనుకొనరాదు. గోడద్వారా ఆ తేడాను భూమి తీసికొన్నది. భూమి మిక్కిలి పెద్దదగుటచే దాని కదలిక మనకు తెలియలేదు.

ఈ రెండు ఖాతాలు వేరువేరని తెలియుటకును పండితులలో పెద్ద తగవు నడచినది. ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ 1644లో చలన పరిమాణము నిలుచునని చెప్పెను గాని దిక్కును లెక్కలోనికి తీసికొనలేదు. హైగెన్స్ ఆ లోపమును సవరించెను. 1686లో లైబ్నిజ్, బలమునకు సరియైన కొలత వేగము కాదు, వేగపు వర్గమని వాదించెను. తరువాత హాలెండులో గ్రావెసాండె అను ఆచార్యుడు ఇత్తడి గుండ్లను మెత్తని మట్టిమీద పడవైచి చూచెను. రెట్టింపు వేగముతో పడిన గుండు రెట్టింపు గాక నాలుగు రెట్లు గుంట చేసినది. నేటి మాటలలో చెప్పవలెనన్న ఇరుపక్షములవారును తమ తమ ఖాతాలో సత్యమే చెప్పిరి.

ఆ మట్టి గుంట పాఠము నేడు మన బడుల ముందరి రోడ్డుమీద నున్నది. పది టన్నుల లారీ గంటకు 36 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 10 మీటర్ల చొప్పున పోవుచున్నదనుకొందము. దాని గతిజశక్తి 5 లక్షల జౌళ్లు. వేగము 72 కిలోమీటర్లైన, ద్రవ్యవేగము రెట్టింపే గాని శక్తి 20 లక్షల జౌళ్లు. ఆ శక్తినంతటిని బ్రేకులు వేడిగా మార్చవలెను. మొదటి లారీ బ్రేకు వేసిన పిదప 10 మీటర్లలో ఆగగలదైన, అదే రోడ్డుమీద రెండవది 40 మీటర్లు పోయిన గాని ఆగదు. డ్రైవరు చూచి బ్రేకు త్రొక్కులోపల పోవు దూరము దీనికి అదనము. బడివద్ద వేగ నిరోధకము కావలెనని తీర్మానము వ్రాయువారు ఈ 10, 40 అను అంకెలను అందులో చేర్చవచ్చును.

ఖాతా ఎందులకు సరిపోవును

ఈ నియమములకు మూలమేమను ప్రశ్నకు 1918లో జర్మనీ దేశపు గణిత శాస్త్రవేత్త ఎమ్మీ నోయితర్ సమాధానము చెప్పినది. ఆ కాలమున స్త్రీ యగుటచే విశ్వవిద్యాలయములో ఉద్యోగమునకే ఆమె కష్టపడవలసి వచ్చినది. ఆమె సిద్ధాంతపు గణితము కఠినమైనను సారము పల్లెటూరి సంతకు అందునదే. సోమవారము నీటిని పైకెత్తుట చవుక, మంగళవారము ప్రియము అనుకొందము. అప్పుడు సోమవారము చవుకగా ఎత్తి, మంగళవారము దానిని దించి చక్రము త్రిప్పినవానికి ప్రతి వారము ఊరక లాభము వచ్చును. అట్టి లాభము ప్రకృతిలో లేదు. ఏలనన ప్రకృతి ధర్మములు నిన్న ఎట్లుండెనో నేడును అట్లే యున్నవి. కాలమును బట్టి ధర్మములు మారవు గనుక శక్తి నిలుచును. చోటును బట్టి మారవు గనుక, మన ఊరిలో ఒక ధర్మము, పొరుగూరిలో ఒక ధర్మము లేదు గనుక, ద్రవ్యవేగము నిలుచును.

అణువుల లోకములో

ఇంతవరకు చెప్పినది కంటికి కనబడు వస్తువుల సంగతి. పరమాణువుల లోకమునకు పోయినచో అచ్చట క్వాంటమ్ ధర్మములు నడచును. అచ్చట ఏ సంఘటన ఎప్పుడు జరుగునో ముందుగా చెప్పలేము. ఇన్నింటిలో ఇన్ని జరుగునని మాత్రమే చెప్పగలము. ఇట్టి చోట జమాఖర్చులు పైసలతో సహా సరిపోవునా, లేక సగటున సరిపోయిన చాలునా? ఈ సందేహము మహామహులకే కలిగినది.

1923లో అమెరికాలో కాంప్టన్, ఎక్స్‌కిరణములను గ్రాఫైటుపై ప్రసరింపజేసి, చెదరి వచ్చిన కిరణముల శక్తి తగ్గుటను కొలచెను. వెలుతురు చిన్నచిన్న పొట్లములుగా వచ్చుచు, గోలీకాయ మరియొక గోలీని కొట్టినట్లు ఎలక్ట్రానును కొట్టుచున్నదని, శక్తి, ద్రవ్యవేగము రెండును నిలుచునని భావించి లెక్క కట్టగా అది ఖచ్చితముగా సరిపోయెను. 1928లో కలకత్తాలో సి.వి.రామన్ గారు కనుగొనిన ఫలితములోను ఇట్టి పద్దే కలదు. అణువు తీసికొనినంత శక్తి వెలుతురులో తగ్గును. అణువు ఇచ్చినచో అంత హెచ్చును. రామన్ గారు బాల్యమున విశాఖపట్టణములో చదువుకొనినవారని తెలుగువారు సంతోషముతో చెప్పుకొందురు.

అయినను 1924లో డెన్మార్కు దేశపు నీల్స్ బోర్, క్రామర్స్, స్లేటర్ అను వారితో కలిసి, శక్తి నిత్యత్వము ఒక్కొక్క సంఘటనలో సరిపోనక్కరలేదని, మొత్తముమీద సగటున సరిపోవునని ప్రతిపాదించెను. వోచర్లు ఒక్కొక్కటి తప్పైనను సంవత్సరాంతమున మొత్తము కుదిరిన చాలునని ఒక కార్యదర్శి చెప్పినట్లున్నది ఇది. బోర్ సామాన్యుడు కాడు. పరమాణు నిర్మాణమును వివరించి నోబెల్ బహుమానము పొందినవాడు. కాని 1925లో బెర్లినులో బోతె, గైగర్ అనువారు ఆడిటరు పని చేసిరి. చెదరిన కిరణమును పట్టుటకు ఒక సాధనము, త్రోయబడిన ఎలక్ట్రానును పట్టుటకు మరియొకటి ఎదురెదురుగా అమర్చిరి. ఖాతా సగటున మాత్రమే సరిపోవునదైన, ఆ రెండు సాధనములు వేర్వేరు సమయములలో పలుకవలెను. అవి ఒకేసారి పలికినవి. ప్రతి వోచరు సరిగానే యున్నదన్నమాట.

లెక్కకు రాని 67 పైసలు

బోర్ సందేహము అంతటితో పోలేదు. రేడియో ధార్మిక పదార్థములలో కొన్నింటి కేంద్రకములు ఎలక్ట్రానులను చిమ్మును. వానిని బీటా కిరణములందురు. కేంద్రకము, ఎలక్ట్రాను అను రెండే భాగస్వాములున్నచో శక్తి, ద్రవ్యవేగము అను రెండు ఖాతాలును కలిసి ఎవరి వాటా ఎంతయో నిర్ణయించివేయును. బేరమునకు చోటుండదు. ఒకే జాతి కేంద్రకములనుండి వచ్చు ఎలక్ట్రానులన్నియు ఒకే శక్తితో రావలెను. 1914లో చాడ్విక్ కొలచి చూడగా అట్లు లేదు. కొన్ని వేగముగా, కొన్ని మెల్లగా, అన్ని అంతస్తుల శక్తులతోను వచ్చుచున్నవి.

ఎలక్ట్రానులు సమానముగానే బయలుదేరి దారిలో కొంత శక్తి పోగొట్టుకొనుచున్నవేమో అని కొందరనిరి. న్యాయమైన ప్రశ్నయే. 1927లో కేంబ్రిడ్జిలో ఎల్లిస్, వూస్టర్ అనువారు బిస్మత్ జాతి పదార్థమొకదానిని దళసరి గోడలుగల పాత్రలో ఉంచి, వెలువడు వేడినంతటిని కొలచిరి. దారిలో పోయిన శక్తి వేడిగానైనను పాత్రలో చిక్కవలెను గదా. అత్యధిక వేగముతో వచ్చు ఎలక్ట్రాను శక్తిని ఒక రూపాయి అనుకొన్నచో, ప్రతి విచ్ఛేదమునకు నూరు పైసలు దొరకవలెను. దొరకినది సగటున సుమారు 33 పైసలు. తక్కిన 67 పైసలు పాత్రలో లేవు.

ఇచ్చట రెండు మార్గములు తోచినవి. కేంద్రకములో శక్తి నిత్యత్వ నియమము చెల్లకపోవచ్చునని 1930లో బోర్ మరల అనెను. పుస్తకమునే మార్చుదమన్నట్లు. వోల్ఫ్‌గాంగ్ పౌలీ అను మరియొక శాస్త్రజ్ఞుడు 1930 డిసెంబరు 4వ తేదీన జర్మనీలో సమావేశమైన తోటివారికి జాబు వ్రాసి, ఖాతా సరియైనదే, మూడవ భాగస్వామి ఎవరో ఉండి ఆ సొమ్ము తీసికొని పోవుచున్నాడని సూచించెను. ఆ కణమునకు విద్యుదావేశము లేదు. బరువు లేనట్టే. కావున గోడలగుండ పోవుచు ఎవరి కంటను పడుట లేదు. ముగ్గురున్నపుడు పంపకము ఒక్కొక్కసారి ఒక్కొక్క విధముగా జరుగవచ్చును. మొత్తము మాత్రము రూపాయియే. క్వాంటమ్ లోకపు రహస్యమంతయు ఈ మాటలో కలదని ఈ రచయిత అభిప్రాయము. వాటాలు అదృష్టముమీద ఆధారపడును గాని మొత్తము అదృష్టముమీద ఆధారపడదు.

కనబడని దొంగను కల్పించి లెక్క సరిచేయుట సులభమే యని ఎవరైనను ఆక్షేపింపవచ్చును. పౌలీకే ఆ సంకోచముండెను. దొంగను పట్టిన గాని నేరము రుజువు కాదు. ఇటలీకి చెందిన ఫెర్మీ దానిని న్యూట్రినో అని పిలుచుచు 1934లో పూర్తి సిద్ధాంతమును ప్రకటించెను. కణము చిక్కుటకు మరి ఇరువది రెండేండ్లు పట్టినది. 1956లో అమెరికాలో రైనెస్, కోవన్ అనువారు సవానా నది ఒడ్డున గల గొప్ప అణు రియాక్టరు ప్రక్కన సాధనములు నెలకొల్పిరి. రియాక్టరునుండి లెక్కకు మిక్కిలిగా వెలువడు ఆ కణములలో గంటకు మూడు చొప్పున మాత్రమే వలలో పడినవి. పౌలీ బ్రతికియుండగనే ఆయనకు తంతివార్త అందినది.

తరువాతి కథ మన ఇరుగుపొరుగున జరిగినది. చిత్తూరు సరిహద్దునకు ఆవల, తెలుగు విరివిగా వినబడు కోలారు జిల్లాలో బంగారు గనులుండెను. అవి 2001లో మూతపడినవి. ఆ గనులలో రెండు కిలోమీటర్లకు మించిన లోతున, బొంబాయి టాటా పరిశోధన సంస్థవారు జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలిసి సాధనములమర్చి, ఆకాశమునుండి వచ్చు కిరణములు వాయుమండలములో పుట్టించు న్యూట్రినోల జాడను 1965లో కనుగొనిరి. అంతటి రాతి పొర తక్కిన కణములన్నింటిని ఆపివేయును గాని న్యూట్రినోను ఆపదు. సూర్యునినుండి వచ్చు న్యూట్రినోలు ప్రతి చదరపు సెంటీమీటరు గుండ సెకనుకు సుమారు 6,000 కోట్లు పోవుచున్నవి. మన దేహములోని పొటాషియమునుండియు సెకనుకు వేల సంఖ్యలో వెలువడుచున్నవి.

ఈ ఖాతాలు రోగులకును ఉపయోగపడుచున్నవి. పెట్ స్కాన్ అను పరీక్షలో రోగి దేహములోనికి పంపిన మందునుండి పుట్టిన పాజిట్రాను ఒక ఎలక్ట్రానుతో కలిసి నశించును. ద్రవ్యరాశియు శక్తి పద్దుక్రిందనే చేరునని 1905లో ఐన్‌స్టీన్ చూపెను గదా. ఆ రెండింటి ద్రవ్యరాశి రెండు కిరణములగును. మొదట ద్రవ్యవేగము దాదాపు సున్న గనుక ఆ రెండును సరిగా ఎదురెదురు దిక్కులకు పోవలెను. వానిని పట్టుకొని గీత గీసినచో వ్యాధి ఎచ్చటనున్నదో తెలియును.

ఇక మన ఊరి లెక్క

తనంతట తాను తిరుగు యంత్రపు వర్ణన సాధారణముగా ఇట్లుండును: మోటారు డైనమోను త్రిప్పును, డైనమో మోటారునకు కరెంటిచ్చును, మిగులు కరెంటు ఊరికి. ఆ మోటారుమీద చేయి పెట్టి చూడవలెను. వెచ్చగా నున్నదా? ఆ వేడి ఖర్చు. దానికి జమ ఏది? రాపిడి, వేడి ఏమియు లేని ఆదర్శ యంత్రమైనను సరికి సరి యగునే గాని మిగులుండదు. యంత్రము నిజముగా తిరుగుచున్నచో ఎచ్చటనో బ్యాటరీయో తీగయో దాగియున్నది. పారిస్ శాస్త్ర పరిషత్తువారు ఇట్టి యంత్రములను ఇకమీద పరీక్షింపమని 1775లోనే తీర్మానించిరి. సౌర పలకల సంగతి వేరు. వానికి జమ సూర్యుడు. నడిమధ్యాహ్నము చదరపు మీటరునకు సుమారు వేయి వాట్లు పడగా అందులో ఐదవ వంతు ప్రాంతము కరెంటుగా వచ్చును. అది ధర్మబద్ధమైన లెక్క.

పంపు విషయము ఇంకను సులభము. బోరులో నీటిమట్టము 60 మీటర్ల లోతున, ట్యాంకు 12 మీటర్ల ఎత్తున నున్నదనుకొందము. ఎత్తవలసిన దూరము 72 మీటర్లు. రోజునకు 40,000 లీటర్లు కావలెను. 40,000ను 72తోను, దానిని 9.8తోను హెచ్చించిన 2,82,24,000 జౌళ్లు. 36 లక్షలతో భాగించిన 7.84 యూనిట్లు. ఇది ప్రకృతి వసూలు చేయు కనీస రుసుము. దీనికి తగ్గింపు లేదు. 5 అశ్వశక్తి మోటారు ఇరుసు ఇచ్చునది గంటకు 3.73 యూనిట్లు మాత్రమే. కావున ఆ మోటారుతో గంటలో 40,000 లీటర్లు 72 మీటర్లు ఎత్తింతునని వర్తకుడు చెప్పినచో, యంత్రమును చూడనక్కరలేకయే టెండరును త్రోసివేయవచ్చును.

వాడుకలోనున్న బోరు మోటారు, పంపు కలిసి తీసికొనిన కరెంటులో సుమారు సగమును నీటికి అందించగలిగిన మంచిదే యనవలెను. అనగా పై పనికి 16 యూనిట్ల ప్రాంతమగును. మీటరు 35 చూపుచున్నచో తక్కిన 19 యూనిట్లు ఎచ్చటికో పోవుచున్నవి. పంపు రెక్కలు అరిగినవా, గొట్టము కీలువద్ద నీరు కారుచున్నదా, మోటారు ఆపగానే వాల్వు సరిగా మూయక నీరు బోరులోనికే జారుచున్నదా, గొట్టము సన్నమై రాపిడి హెచ్చినదా, వేసవిలో నీటిమట్టము 60నుండి 90 మీటర్లకు దిగినదా, మీటరునకు ఈవల తీగకు ఎవరైనను కొక్కెము తగిలించిరా అని ఒక్కొక్కటిగా చూడవలెను. ఒక రోజు ట్యాంకు ఖాళీ చేసి నింపుచు, ముందు వెనుకల మీటరు అంకెలను, నీటిమట్టమును కార్యదర్శిచే పుస్తకములో వ్రాయించినచో, క్రొత్త మోటారు కొనవలెనా లేక వాల్వు మార్చిన చాలునా అను సంగతి తరువాతి సమావేశపు అజెండాలో చేర్చవచ్చును.